మల్లవీరుడు ఖాశాబా జాధవ్

సతారా జిల్లాలో కరాడ్ చెంతనున్న గోలేశ్వర్ గ్రామమున 1926లో ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్ జన్మించెను. తండ్రి మల్లుడు, తొలి గురువును ఆయనయే. కొల్హాపూరు రాజారామ్ కళాశాలలో చదువుచు 1948లో లండన్ ఒలింపిక్సున కేగి ఆరవ స్థానము పొందెను. మట్టిగోదాలో పెరిగిన వానికి పరుపుపై కుస్తీ క్రొత్త, అయినను నిలిచెను.

1952లో హెల్సింకికి పోవుటకు ధనము చాలలేదు. కళాశాల ప్రిన్సిపాలుగారు స్వగృహమును తాకట్టుపెట్టి ఏడువేల రూపాయలు సమకూర్చిరి. శిష్యుని భుజబలమును నమ్మి ఇల్లు కుదువబెట్టిన గురువును నేను పురాణములందును ఎరుగను. 57 కిలోల తరగతిలో జాధవ్ పలు దేశముల మల్లులను గెలిచెను. జపాను వీరుడు ఇషీయీతో పోరి అలసినవానికి, విశ్రాంతి లేకయే సోవియట్ మల్లునితో తలపడవలసివచ్చెను. అందువలన దక్కినది కాంస్యమే. అయినను స్వతంత్ర భారతమున ఒక వ్యక్తి గెలిచిన మొదటి ఒలింపిక్ పతకమదియే. రెండవది 1996లో గాని రాలేదు.

కరాడ్ నుండి నూరుకు పైగా ఎడ్లబండ్లతో ఊరేగింపు జరిగెను. అటుపిమ్మట జాధవ్ కుస్తీపోటీలు జరిపి, వచ్చిన సొమ్ముతో గురువుగారి ఇంటిని ఋణవిముక్తము గావించెను. 1955లో పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరెను. 1984లో రోడ్డు ప్రమాదమున కన్నుమూసెను. అర్జున పురస్కారము ఆ తరువాత పెక్కేండ్లకు వచ్చెను.