ఆచార్య జగదీశచంద్ర బోసు

మాతృభాషలో చదివినవారికి విజ్ఞానశాస్త్రము పట్టువడదని కొందఱు తలచుచుందురు. ఆ తలంపు సరికాదనుటకు ఆచార్య జగదీశచంద్ర బోసుగారి జీవితమే తార్కాణము.

వీరు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములోనున్న మైమెన్‌సింగులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రబోసుగారు ప్రభుత్వోద్యోగి. ఆ కాలమున అట్టివారు తమ బిడ్డలను ఇంగ్లీషు పాఠశాలకే పంపుచుండిరి. ఆయన మాత్రము కుమారుని వంగభాషా పాఠశాలలో చేర్చిరి. ముందు తన భాషను, తన ప్రజలను ఎఱుగవలెనని ఆయన మతము. అచ్చట జగదీశునకు ఒకప్రక్క ముస్లిం బంట్రోతు కుమారుడును, వేఱొకప్రక్క జాలరి కుమారుడును కూర్చుండెడివారు. పక్షులను, జలచరములను గూర్చి వారు చెప్పిన కథలే ఆ బాలునిలో ప్రకృతిశోధనపై తొలి ఆసక్తిని రేకెత్తించెను.

పిమ్మట కలకత్తాలో ఫాదర్ లాఫాంట్ వద్దను, కేంబ్రిడ్జిలో రేలీ ప్రభువు వద్దను భౌతికశాస్త్ర మభ్యసించి, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. ఆ కొలువులో భారతీయులకు ఐరోపావారి జీతములో మూడింట రెండు వంతులే లభించెడిది. తాత్కాలిక నియామకమగుటచే బోసుగారికి అందులో సగమే నిర్ణయించిరి. వారు కలహింపలేదు, జీతమును ముట్టలేదు. మూడేండ్లు శ్రద్ధగా పాఠములు చెప్పిరి. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి, నియామక దినమునుండి పూర్తి జీతము చెల్లించెను.

1894లో వారు విద్యుత్తరంగములపై పరిశోధన నారంభించిరి. తగిన ప్రయోగశాల లేదు. పరికరములను స్థానికుడైన పనివానిచే చేయించుకొనిరి. 1895లో కలకత్తా టౌన్‌హాలులో, గోడల నడుమనుండి తరంగములను పంపి, దూరమున గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపిరి. 5 మిల్లీమీటర్ల కురచ తరంగములనుకూడ వారు పుట్టించిరి.

తరంగములను పసికట్టుటకు వారు ఇనుప మొనను ఇనుప తలమునకు ఆనించి, దానిగుండ కరెంటును పంపిరి. వోల్టేజి మార్చినకొలది కరెంటు ఎట్లు మారునో కొలిచి గీత గీయగా, అది ఓమ్ సూత్రమునకు లోబడదని తేలెను. సుమారు 0.45 వోల్టుల వద్ద గీత వంపు తిరిగెను. అంత వోల్టేజి ఇచ్చినపుడే ఆ మొన తరంగములను మిక్కిలి చక్కగా పసికట్టెను.

ఇట్టి గీతను నేడు మనమును గీయవచ్చును. పొటెన్షియోమీటరు రెండు కొసలకు ఒక 1.5 వోల్టుల బ్యాటరీని కలుపవలెను. నడుమ జరుగు ముల్లునకును, బ్యాటరీ ఋణధ్రువమునకు కలిపిన కొసకును మధ్య, సిలికాన్ డయోడును, 1000 ఓముల నిరోధకమును, మిల్లీఅమ్మీటరును వరుసగా చేర్చవలెను. డయోడు ధనాగ్రము ముల్లు వైపుననే యుండవలెను. ముల్లును జరుపుచు డయోడు కొసల నడుమ వోల్టేజిని కొలువవలెను. 0.5 వోల్టు దాటువఱకు కరెంటు లేనట్లే యుండి, 0.6 వోల్టు చేరునప్పటికి ఒక్కుమ్మడిగా ఎగయును. సామాన్య నిరోధకములో వోల్టేజి రెట్టింపైన కరెంటును రెట్టింపగును. డయోడులో నట్లు కాదు. దానికి హాని కలుగకుండుటకే ఆ 1000 ఓముల నిరోధకము.

సీసపు ఖనిజమగు గెలీనాతో చేసిన గ్రాహకమునకు బోసుగారికి 1904లో అమెరికా పేటెంటు లభించెను. అర్ధవాహక పరికరములకు లభించిన తొలి పేటెంటులలో నిది యొకటి. అయినను ధనార్జన వారి ధ్యేయము కాదు. తరువాత మొక్కల స్పందనలను పరిశోధించి, 1917లో కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైరి. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో పరమపదించిరి.

భివండీ మరమగ్గముల నడుమ పెరుగుచు, పరరాష్ట్రమున తెలుగులో చదువుచున్న మనకు ఈ చరిత్ర యొక యూరట. జాలరి బిడ్డ ప్రక్కన కూర్చుండి స్వభాషలో అక్షరములు దిద్దిన బాలుడు లోకమునకు క్రొత్త శాస్త్రమును నేర్పెను. నేతగాని బిడ్డలకును ఆ త్రోవ తెఱచియే యున్నది.