అధికారి చెప్పిన అర్థమే చట్టమా? కోకా సుబ్బారావు జీవితం

1957 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక ప్రకటన వెలువరించింది. చుట్టలు, సిగరెట్లు, బీడీలు, పొగాకులపై అమ్మకపు పన్ను తొలగించినట్లు అందులో ఉంది. అయితే వాటిపై విధింపదగిన అదనపు కేంద్ర ఎక్సైజు సుంకం చెల్లించి ఉండాలన్న షరతు కూడా ఉంది. చేతితో చుట్టిన బీడీలపై అప్పట్లో ఆ అదనపు సుంకమే లేదు. సుంకమే లేనప్పుడు బాకీ ఎక్కడిది, కనుక మినహాయింపు మాకు వర్తిస్తుందని బీడీల వ్యాపారులు వాదించారు. సుంకం కట్టిన సరుకుకే మినహాయింపు, కట్టని సరుకుకు లేదని అమ్మకపు పన్ను అధికారి నిర్ణయించి పన్ను విధించాడు. వాక్యం ఒక్కటే, అర్థాలు రెండు. వ్యాపార సంస్థలో భాగస్వామియైన ఉజ్జం బాయి ఈ వివాదాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లారు. 1961లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిపై తీర్పు చెప్పింది. ఆ ఏడుగురిలో రాజమహేంద్రవరం నుండి వచ్చిన తెలుగువాడు ఒకరున్నారు. మెజారిటీతో ఆయన ఏకీభవించలేదు.

ఆయనే కోకా సుబ్బారావు. 1902 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. న్యాయవాదియైన తండ్రి ఆయన చిన్ననాటనే కన్నుమూశారు. స్వస్థలంలోని ప్రభుత్వ కళాశాలలో చదివి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. మామగారైన పి. వెంకటరమణారావు నాయుడు మద్రాసులో పేరుపొందిన న్యాయవాది. వారి వద్దనే సుబ్బారావు వృత్తిలో ప్రవేశించారు. మధ్యలో కొంతకాలం బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు గాని, ఆ ఉద్యోగంలో నిలువక మద్రాసుకు తిరిగి వచ్చి బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి వాదించసాగారు. రాజమన్నార్ తెలుగు నాటక రచయితగా కూడా ప్రసిద్ధుడే. 1948లో ఆయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కాగా, అదే ఏడు సుబ్బారావు ఆ కోర్టులోనే న్యాయమూర్తి అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిహద్దు గ్రామాలవారికి ఆ తేదీ కేవలం పటంలోని గీత కాదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. బళ్లారి జిల్లాలోని మిగిలిన ప్రాంతం చాలావరకు మైసూరు రాష్ట్రంలో కలిసింది. నిన్నటి దాకా మద్రాసు వెళ్లిన అప్పీళ్లు నేడు బెంగళూరు దారి పట్టాయి. ఆంధ్రవైపు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. ఆ హైకోర్టు ఏర్పాటు బాధ్యతను సుబ్బారావు ప్రత్యేకాధికారిగా నిర్వహించి, 1954 జులైలో దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే సంవత్సరం వెలసిన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఛాన్సలరుగా కూడా వ్యవహరించారు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత హైకోర్టు హైదరాబాదుకు తరలింది. ప్రధాన న్యాయమూర్తిగా ఆయనే కొనసాగి 1958 జనవరి చివరి రోజున సుప్రీంకోర్టులో ప్రవేశించారు.

ఢిల్లీ చేరిన తొలి ఏడాదిలోనే సొంత రాష్ట్రపు బస్సుల తగాదా ఆయన ముందుకు వచ్చింది. కృష్ణా జిల్లాలో బస్సు సర్వీసులను జాతీయం చేయడానికి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఒక పథకం ప్రతిపాదించింది. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు తెలిపారు. వారి మాటలను విన్నది రవాణా వ్యవహారాలు చూచే ప్రభుత్వ కార్యదర్శి. పథకాన్ని ఆమోదించింది ఆ శాఖ చేతిలో ఉన్న ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు అనే యజమాని పేరుతో నడిచిన ఈ కేసులో ప్రధాన తీర్పు సుబ్బారావుదే. ఈ పని కేవలం పాలనాపరమైనది, కోర్టులు తలదూర్చరాదన్నది ప్రభుత్వపు వాదన. ఇరుపక్షాల హక్కులను తేల్చే పని కనుక న్యాయవిచారణ పద్ధతి పాటించక తప్పదని ఆయన నిర్ణయించారు. పథకంతో సంబంధమున్న శాఖాధికారియే విచారణకర్తగా కూర్చోవడం మొదటి దోషం. విన్నవాడు ఒకరు, తీర్పు చెప్పినవాడు మరొకరు కావడం రెండవది. వాది ముఖం చూడనివాడు, అతని జవాబులు విననివాడు తీర్పు చెబితే ఆ వినికిడికి అర్థమేమున్నది? ఆమోదం రద్దయింది.

పిమ్మట ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని పథకాన్ని మళ్లీ ఆమోదించారు. ముఖ్యమంత్రి కూడా పక్షపాతియే అంటూ యజమానులు 1959లో తిరిగి వచ్చారు. ఈసారి సుబ్బారావు ఆ వాదనను త్రోసిపుచ్చారు. శాఖలోని ఉద్యోగి వేరు, చట్టం నిర్ణయాధికారం అప్పగించిన మంత్రి వేరు అన్నది ఆయన దృష్టి. ప్రభుత్వం ఏమి చేసినా తప్పు పట్టిన న్యాయమూర్తిగా ఆయనను చిత్రించేవారు ఈ రెండవ తీర్పును మరచిపోతుంటారు.

బీడీల కేసుకు తిరిగి వద్దాం. చట్టం చెల్లుబాటైనదే, అధికారికి దాన్ని అమలుపరచే అధికారమూ ఉన్నది. అటువంటప్పుడు అతడు ప్రకటనకు తప్పు అర్థం చెప్పినా, అది అప్పీలులో దిద్దుకోవలసిన పొరపాటే గాని ప్రాథమిక హక్కుకు భంగం కాదని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు. చట్టమే చెల్లనిదైతే, లేని అధికారాన్ని వాడితే, సహజ న్యాయాన్ని ఉల్లంఘిస్తే మాత్రమే సుప్రీంకోర్టును నేరుగా ఆశ్రయించవచ్చునన్నారు. ఈ వాదంలో బలం లేకపోలేదు. దేశంలోని ప్రతి పన్ను తగాదా నేరుగా ఢిల్లీకి వస్తే ఆ కోర్టు మరో పని చేయలేదు. సుబ్బారావు ప్రశ్న వేరు. రాజ్యాంగం పౌరునికిచ్చిన హక్కు, ఒక అధికారి చట్టాన్ని తప్పుగా చదివినంత మాత్రాన కుంచించుకుపోతుందా? చట్టం చేసిన నష్టమైతే కోర్టు అడ్డుకుంటుంది. ఆ చట్టానికి లేని అర్థాన్ని కల్పించి అధికారి చేసిన నష్టాన్ని చూస్తూ ఊరుకోవాలా? వ్యాపారం నష్టపోయినవానికి ఈ రెంటి మధ్య తేడా కనిపించదు. మెజారిటీ మాటే నిలిచింది. తరువాతి పన్ను వివాదాల్లో దానినే ప్రమాణంగా ఉదహరిస్తూ వచ్చారు.

1962లో ఖరక్ సింగ్ కేసులోనూ ఆయన మెజారిటీతో విభేదించారు. అనుమానితుల ఇళ్లకు రాత్రివేళ వెళ్లి తలుపు తట్టే అధికారం ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లో ఉండేది. మెజారిటీ ఆ ఒక్కదానిని కొట్టివేసి మిగతా నిఘాను ఉండనిచ్చింది. సుబ్బారావు, జె.సి. షా కలిసి ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. ఏకాంతంగా బ్రతికే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుబ్బారావు అభిప్రాయం.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఫిబ్రవరిలో వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు ఆయన పేరును దేశమంతటా మారుమ్రోగించింది. పంజాబులో భూపరిమితి చట్టం క్రింద భూములు కోల్పోయిన కుటుంబం వేసిన కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు రాజ్యాంగ సవరణతో కూడా హరించలేదని ఆరుగురు, హరించవచ్చునని ఐదుగురు తేల్చారు. ఆస్తిపరుల పక్షం వహించారన్న నింద అప్పటి నుండి ఆయనను వెంటాడింది. కౌలు రైతుకు, భూమిలేని కూలికి ఆ తీర్పు ఏమిచ్చిందని అడిగినవారిని తప్పుపట్టలేము. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పు రద్దయింది.

అంతగా పేరు రాకున్నా పల్లెలకు మరింత చేరువైన తీర్పు 1967 ఏప్రిల్ 10న వెలువడింది. పాస్‌పోర్టు తన ఆస్తి అనీ, ఇవ్వడం ఇవ్వకపోవడం తన ఇష్టమనీ కేంద్ర ప్రభుత్వం వాదించింది. నడిపించే చట్టమంటూ ఏదీ లేకుండా, ఒకరికిచ్చి మరొకరికి నిరాకరించే ఇష్టాధికారం చెల్లదనీ, విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ సత్వంత్ సింగ్ కేసులో సుబ్బారావు మెజారిటీ తరఫున నిర్ణయించారు. ఆ వేసవిలోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నిరాకరించితే కారణం వ్రాయాలన్న నియమం, అప్పీలు చేసుకునే దారి ఆ చట్టంలోనివే. తరువాతి దశాబ్దాల్లో గల్ఫుకు పయనమైన తెలుగు కూలీల చేతుల్లో ఉన్నది ఆ చట్టం క్రింద ఇచ్చిన పాస్‌పోర్టులే.

ఆ తీర్పు చెప్పిన మరునాడే ఆయన పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. ప్రధాన న్యాయమూర్తి పీఠం నుండి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం ఆయన మిత్రులలోనూ అనేకులకు రుచించలేదు. అప్పటి వరకు వ్రాసిన తీర్పులపై కూడా అది నీడ వేసింది. 1967 మే 6న పోలింగు జరిగింది. 3,63,971 ఓట్ల విలువ సంపాదించి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు.

సరిగ్గా తొమ్మిదేళ్లకు, 1976 మే 6న సుబ్బారావు కన్నుమూశారు. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి నడుస్తున్నది. నిర్బంధంలో ఉన్నవారు ఆ నిర్బంధం చట్టబద్ధమా కాదా అని కోర్టును అడగజాలరని సుప్రీంకోర్టు ఏప్రిల్ 28న, అనగా ఎనిమిది రోజుల ముందు, తీర్పు చెప్పి ఉన్నది. నలభై ఒక్క ఏళ్ల తరువాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ రోజే ఏప్రిల్ 28 నాటి తీర్పును తోసిపుచ్చి, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు వ్రాసిన భిన్నాభిప్రాయమే సరైనదని ప్రకటించింది.