ఆతురబంధువు డాక్టర్ అన్నా కుగ్లర్

చరకాది వైద్యాచార్యులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను చికిత్స కుంటుపడును. పందొమ్మిదవ శతాబ్దమున గుంటూరు సీమలోని స్త్రీలకు మొదటి పాదమే లోపించెను. ఊరిలో వైద్యుడున్నను, ఘోషాలోనున్న కులస్త్రీ పరపురుషునికి చేయి చూపుటకు ఆచారము సమ్మతింపదు. ప్రసవము కష్టమైనచో మంత్రసాని నేర్పును, దైవానుగ్రహమును తప్ప వేరు దిక్కు లేదు. ఇట్టి కాలములో సముద్రములు దాటి వచ్చి, ఆ లోపమును తీర్చుటకు తన జీవితమును ధారపోసిన సాధ్వి డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

ఈమె 1856 ఏప్రిల్ 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఆర్డ్‌మోర్ అను గ్రామములో జన్మించెను. ఆనాడు ఆ దేశమునందు సయితము స్త్రీ వైద్యవిద్య నభ్యసించుట అరుదు. స్త్రీల కొరకే ఫిలడెల్ఫియా నగరములో 1850లో స్థాపింపబడిన వైద్యకళాశాలలో చేరి, కుగ్లర్ 1879లో పట్టభద్రురాలయ్యెను. అటుపిమ్మట ఏడేండ్లకు, 1886లో, మహారాష్ట్ర వనిత ఆనందీబాయి జోషి పట్టము పొందినది కూడ ఈ కళాశాలయందే. చదువు ముగిసిన పిదప కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమున పనిచేసెను.

అమెరికా లూథరను సంఘమువారు గుంటూరులో 1842 నుండి పాఠశాలలు, ప్రార్థనా మందిరములు నెలకొల్పి పనిచేయుచుండిరి. అచ్చట నున్న ఆడమ్ రో అను మిషనరీ, ఈ ప్రాంతపు స్త్రీలకు వైద్యురాలి యవసరము ఎంత గలదో తెలుపుచు 1882లో కుగ్లరునకు జాబు వ్రాసెను. ఆమె వెంటనే సంసిద్ధురాలయ్యెను. కాని పంపవలసిన సంఘమువారు సంసిద్ధులు కారైరి. వైద్యసేవకు పూనుకొను తరుణము తమకింకను రాలేదని వారి అభిప్రాయము. పాఠశాలలను చూచుచు, అంతఃపుర స్త్రీలకు చదువు చెప్పుటకైనచో పంపుదుమనిరి. వైద్యపట్టము చేతనుండగా ఉపాధ్యాయినిగా పొమ్మన్న వారితో ఆమె వాదమునకు దిగలేదు. ఇచ్చిన పని నంగీకరించి, మందులను వెంట నుంచుకొని, 1883 చివర గుంటూరు చేరెను. అప్పటికి గుంటూరు జిల్లా యేర్పడలేదు. ఈ ప్రాంతము చెన్నపురి రాజధానిలోని కృష్ణా జిల్లాలో చేరియుండెను.

బాలికల పాఠశాలల పర్యవేక్షణము ఆమె కప్పగింపబడిన పని. దానికి లోపము రానీయక, మిగిలిన వేళలలో ఆమె రోగులను చూచుచుండెను. తొలి యేడే 185 మందికి వారి యిండ్లకు పోయియు, 276 మందికి తన నివాసము నందును చికిత్స చేసెను. ఈ లెక్క చిన్నదిగా తోచవచ్చును. కాని యొక్కొక్క గడపలో ఆమె ఎదుర్కొన్నదేమో తలచిననే దాని విలువ తెలియును. ఆచారపరుల దృష్టిలో ఆమె మ్లేచ్ఛురాలు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు పిలిచిన వారే, ఆమె స్పర్శ మైలయని భావించి, ఆమె పోయిన పిమ్మట శుద్ధి చేసికొనెడివారు. ఆమె దీనిని అవమానముగా నెంచక, మరల పిలిచిన మరల పోయెను. నాడిని పట్టనిచ్చిన నాడు వ్యాధి తెలియును. వ్యాధి తగ్గిన నాడు శంక దానంతట నదియే తగ్గును. తర్కముతో తెరువని తలుపులు ఈ విధముగా తెరువబడెను.

రెండేండ్ల పని చూచిన పిమ్మట, 1885 డిసెంబరులో, సంఘమువా రామెను వైద్యురాలిగా నియమించిరి. చిత్రమేమనగా, భారతస్త్రీల వైద్యసహాయమునకై డఫరిన్ ప్రభ్వి పేర నిధి స్థాపింపబడినదియు ఆ 1885వ సంవత్సరముననే. అయినను నియామకముతో భవనము రాలేదు. అందులకై స్వదేశమున ధనము కూర్పవలసి వచ్చెను. 1893లో గుంటూరులో ఔషధశాల తెరువబడెను. 50 పడకలుగల స్త్రీల, శిశువుల ఆసుపత్రి 1898లో ప్రారంభమయ్యెను. గుంటూరున కడుగిడిన దాదిగా లెక్కించిన నది పదునైదవ యేడు.

పడకలు వేసినంతనే ఆసుపత్రి కాదు. చరకుడు చెప్పిన పరిచారక పాదము కూడ కావలెను. మలమూత్రములు తీయుట, పుండ్లు కడుగుట నీచవృత్తి యని లోకమెంచు కాలమది. ఈ భారమును వహించినది కేథరిన్ ఫాస్ అను అమెరికా నర్సు. ఆమె పర్యవేక్షణమున తెలుగు బాలికలు పరిచర్యలో శిక్షణము పొందిరి. రాత్రియంతయు మేల్కొని జ్వరపీడితుల నుదుట తడిగుడ్డ వేయు వారి పేర్లు చరిత్రల కెక్కకపోవచ్చును. వైద్యురాలి హస్తవాసికి సగము బలము వారిదే. కుగ్లర్ సహచరులలో మరియొకరగు డాక్టర్ మేరీ బేర్ చీరాలలో ఇట్టి వైద్యసేవనే సాగించెను.

రోగి వెంట నలుగురు బంధువులు వచ్చుట మన సీమలో సహజము. వారు వండుకొని తినుటకు, ఆచారము చెడక యుండుటకు చోటు లేక బాధపడుచుండిరి. తన కుటుంబమునకు కుగ్లర్ చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి చెంత నొక సత్రము కట్టించి యిచ్చిరి. ఒకనాడు ఆమె స్పర్శనే శంకించిన సమాజమునుండి, ఆమె ఆసుపత్రికి వచ్చువారికై ఒక హిందూ ప్రభువు సత్రము వెలసెను. ప్రభుత్వమువారు 1905లోను, మరల 1917లోను ఆమెను కైసరె హింద్ పతక గౌరవముతో సత్కరించిరి. ఈ రెండు విధముల సన్మానములలో సత్రమే గొప్పదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

వార్ధక్యములో ఆమె గుంటూరు ఆసుపత్రి చరిత్రమును గ్రంథరూపమున రచింపగా, 1928లో అది ప్రకటింపబడెను. 1930 జూలై 26వ తేదీన గుంటూరులోనే ఆమె కన్నుమూసెను. అనంతరము ఆ వైద్యశాలకు ఆమె పేరే పెట్టిరి. కుగ్లర్ ఆసుపత్రి యనినచో తెలియనివారు గుంటూరు మండలములో అరుదు.

ఈమె చరిత్రమున గ్రహింపవలసిన నీతి యొకటి గలదు. భవనము కట్టిన తరువాత సేవ చేయుదమని ఆమె కూర్చుండియున్నచో, పదునైదేండ్లపాటు రోగులు గుమ్మములో నిలిచి తిరిగిపోయెడివారు. తగిన పదవి యిచ్చిన పిదపనే పనిచేయుదునని పట్టుపట్టియున్నచో అసలు గుంటూరే చూచియుండెడిది కాదు. చేతిలో నున్న కొద్దిపాటి మందులతో, ఉన్న యింటిలోనే, వచ్చిన రోగితోనే ఆమె మొదలుపెట్టెను. అరుగు మీద పది పుస్తకములతో గ్రంథాలయములు మొలకెత్తిన తెలుగుసీమలో ఈ మాట ఎవ్వరికిని క్రొత్త కాదు. పని ముందు పుట్టవలెను. దానికి తగిన యిల్లు ఆవల దానంతట నదియే లేచును.