కాకతి రుద్రమదేవి

నల్లగొండ జిల్లాలో నకిరేకల్లునకు సమీపమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చట ఒక శిలాశాసనమున్నది. దానిని వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. పువ్వుల ముమ్మడి యను ఒక బంటు. తన యేలికయగు మల్లికార్జున నాయకునకును, కాకతి రుద్రమదేవికిని పుణ్యము కలుగునట్లుగా అతడు సోమనాథదేవునికి కొంత భూమిని దానము చేసి, ఆ సంగతిని రాతిపై చెక్కించెను. శాలివాహన శకము 1211, విరోధి నామ సంవత్సరము, మార్గశిర శుద్ధ ద్వాదశి దాని తేది. అది క్రీస్తుశకము 1289 నవంబరు 27. ఆ యిరువురును అప్పటికే శివసాయుజ్యము నొందిరని ఆ శాసనము తెలుపుచున్నది. ఈ శాసనము వెలుగులోనికి రాకమునుపు చరిత్రకారులు ఆమె 1295 ప్రాంతము వరకు పాలించెనని వ్రాయుచుండిరి. ఓరుగల్లు నేలిన మహారాణి కడపటి దినములను గూర్చి ఓరుగంటి కోటలోని రాళ్లు చెప్పని మాటను ఒక పల్లెలోని రాయి చెప్పినది.

రుద్రమదేవి కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కుమార్తె. గణపతిదేవుడు 1199లో సింహాసనమెక్కి అరువదేండ్లకు పైగా పాలించి, తెలుగు దేశమున పెక్కు భాగములను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. ఆయనకు కుమారులు లేరు. గణపాంబయను మరియొక కుమార్తె ధరణికోట నేలిన కోట వంశపు బేతరాజును వివాహమాడి అత్తవారింటికేగెను. రాజ్యభారము రుద్రమపై బడెను. 1260 ప్రాంతమున తండ్రి ఆమెను పాలనలో భాగస్వామినిగా జేసికొనెను. నాటి శాసనములందు ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని పురుషనామముగా కనబడును. స్త్రీ యేలికకు తలవంచుటకు వెనుదీయు సామంతులున్న కాలమది.

ఇట్టి సంగతి లోకమున రుద్రమతోనే మొదలైనది కాదు. క్రీస్తునకు పూర్వము పదునైదవ శతాబ్దమున ఐగుప్తు దేశమును హత్‌షెప్‌సుత్ అను రాణి ఫరో బిరుదముతో నేలెను. తన విగ్రహములలో పెక్కింటిని పురుషవేషముతో, కట్టుడు గడ్డముతో ఆమె చెక్కించుకొనెను. ఆమె గతించిన పిమ్మట అనేక కట్టడములపైనుండి ఆమె పేరును ఉలితో తొలగించిరి. రుద్రమకు కొలది యేండ్ల ముందు ఢిల్లీలో రజియా సుల్తానా 1236లో గద్దె నెక్కి, నాలుగేండ్లు నిండకమునుపే రాజ్యమును ప్రాణమును కోల్పోయెను. రుద్రమదేవి యన్ననో దాదాపు ముప్పదియేండ్లు నిలిచెను.

నిలుచుట సులభముగా జరుగలేదు. ఆమె దాయాదులగు హరిహర మురారిదేవులు తిరుగబడి కోటను పట్టుకొనిరని, ఆమె వారిని అణచెనని ప్రతాపచరిత్ర చెప్పును. దక్షిణమున పాండ్యుల విజృంభణము వలన నెల్లూరు సీమ చేజారెను. పడమటినుండి దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చెను. యాదవుల పక్షమువారు తమ రాజే గెలిచెనని, స్త్రీయగుటచే ఆమెను చంపక విడిచెనని వ్రాసికొనిరి. తెలుగు గాథలు ఆమె అతనిని తరిమి ధనమును గైకొనెనని చెప్పుచున్నవి. యాదవరాజ్యపు టెల్లలోని బీదరుకోటలో ఆమె సామంతుని తెలుగు శాసనఖండము దొరకుట చేత, రెండవ మాటయే సత్యమునకు దగ్గరగా తోచుచున్నది. శత్రురాజులను ఏనుగులకు తాను సింహమను అర్థముగల రాయగజకేసరి బిరుదమును ఆమె ధరించెను. ఓరుగంటి రాతికోటను బలపరచి, దాని వెలుపల మట్టికోటను, కందకమును ఏర్పరచెను.

ఆమెకు అండగా నిలిచినవారిలో పలువురు ఈ సీమవారే. రేచెర్ల ప్రసాదిత్యుడు కాకతిరాజ్య స్థాపనాచార్యుడను బిరుదము నందెను. పాలమూరు సీమలోని వర్ధమానపురము, అనగా నేటి నంది వడ్డెమాను, గోన వంశీయుల రాజధాని. అడివి బాపిరాజు నవల మూలమున ప్రతి గ్రంథాలయ పాఠకునకును తెలిసిన గోన గన్నారెడ్డి ఆ వంశమువాడే. రాయచూరుకోటను అతని యాజ్ఞచే కట్టిరని 1294 నాటి శాసనము కోటగోడపై నేటికిని కలదు. ఆ వంశపు ఆడపడుచు కుప్పాంబిక 1276లో బూదపురమున తన భర్త మల్యాల గుండ దండనాథుని స్మృతికై శివాలయమును నెలకొల్పి శాసనము వేయించెను. తెలుగున తొలి కవయిత్రి ఆమెయేనని పలువురు పండితుల మతము. ఓరుగల్లున స్త్రీ సింహాసనమున నున్న దినములలో, పాలమూరు సీమలో మరియొక స్త్రీ తన పేర శాసనము నిలిపెను.

రాజుల యుద్ధములు కొలది దినములవి. ప్రజల బ్రదుకు ప్రతిదినమునది. ఈ మెట్టసీమలో ఏరులు వర్షకాలమున పొంగి వేసవిని ఎండిపోవును. నీటిని నిలిపినవాడే ఇచ్చట అన్నదాత. కనుకనే కాకతీయులును, వారి సామంతులును గుడి కట్టినచోట చెరువును త్రవ్వించిరి. పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడుల కాలపుది. పిల్లలమఱ్ఱి గుడులు రేచెర్ల రెడ్లవి. చెరువు కట్టించినవానికిని, దానిని బాగుచేయుచుండువానికిని దాని క్రింది భూమిలో పదవ వంతు దశబంధ మాన్యముగా లభించెడిది. దీనిచేత చెరువును కాపాడుట రాజు పని మాత్రమే గాక, ఊరిలోనివాని లాభమును అయ్యెను. కరణము, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగువారికి కళ్లమువద్దనే ధాన్యములో పాలు ముట్టెడిది. ఇంటికి ఇల్లరి, పశువుల మేతకు పుల్లరి చెల్లించుట ప్రజల వంతు. ఆ పన్నులు బరువైనవే. కాని పంట పండినచో చెల్లింపవచ్చును, చెరువు నిండినచో పంట పండును.

ఆమె ప్రజాపాలనకు మేలైన సాక్ష్యము కృష్ణాతీరమునందలి మల్కాపుర శాసనము. తండ్రి తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు వాగ్దానము చేసిన మందడ గ్రామమును 1261లో రుద్రమదేవి ధారపోసెను. ఆ గ్రామపు టాదాయముతో శివాచార్యుడు ఆలయమును, మఠమును, విద్యాలయమును, అన్నసత్రమును నడపుటకు ఏర్పాటు చేసెను. వానితోపాటు రోగులకు ఆరోగ్యశాలయు, గర్భిణీ స్త్రీలకు ప్రసూతిశాలయు నెలకొల్పబడెను. వైద్యునకు, ఉపాధ్యాయులకు, గ్రామరక్షకులకు, శిల్పులకు జీవితములు నిర్ణయింపబడెను. సత్రమున కులభేదము లేక అందరికిని అన్నము పెట్టవలెనని శాసించిరి. ఏడువందల యేండ్లకు పూర్వము కానుపు కష్టమును గుర్తించి అందుకై ఒక శాలను నిలుపుట చిన్న విషయము కాదు.

రుద్రమదేవి భర్త నిడుదవోలు చాళుక్య రాజకుమారుడగు వీరభద్రుడు. వారికి ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ్మ యను కుమార్తెలు. ముమ్మడమ్మ కుమారుడగు ప్రతాపరుద్రుని ఆమె దత్తత గైకొని రాజ్యమునకు వారసుని జేసెను. ఇంతలో కాయస్థ అంబదేవుడు తిరుగబడెను. అతని వంశమువారు గణపతిదేవుని కాలమునుండి కాకతీయుల సామంతులై యెదిగినవారు. అతనిపై సాగిన పోరుననే సేనాని మల్లికార్జున నాయకుడు కూలెనని తోచుచున్నది. అతనిని తాను జయించితినని అంబదేవుడు 1290 నాటి త్రిపురాంతక శాసనమున చాటుకొనెను. చందుపట్ల శాసనము రాణిని సేనానిని ఒక్కచోట స్మరించుటచే, ఇరువురును ఆ దండయాత్రయందే గతించిరని చరిత్రకారులు ఊహించుచున్నారు. నాటికి ఆమె మనుమలనెత్తిన వృద్ధురాలు. శాసనము మరణకారణమును చెప్పలేదు. యుద్ధమున మడిసెనో, దండు విడిసినచోట కన్నుమూసెనో గాని, కోటలో దాగి ప్రాణమును కాపాడుకొనలేదన్నది మాత్రము ఆ ఊహయందలి సారము.

పిదప ప్రతాపరుద్రుడు అంబదేవుని అణచెను. మోటుపల్లి రేవునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆ దేశపు రాణి న్యాయశీలమును మెచ్చి, అచ్చటి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించెను. అతడామెను గతించిన రాజు భార్యగా పొరపడెను. దూరదేశీయుడు వినికిని బట్టి వ్రాసెను. పువ్వుల ముమ్మడి తాను కొలిచినవారిని గూర్చి రాతిపై వ్రాయించెను. తేది విషయమున మనకు నిజము చెప్పినవాడు ముమ్మడియే.

ఈ సీమలో గుడిమండపముల యందును, చెరువుకట్టల మీదను, పొలముగట్ల మీదను అక్షరములున్న రాళ్లు ఇంకను పెక్కు గలవు. కొన్ని గోడలలో కలిసినవి, కొన్ని బట్టలుదుకు బండలైనవి, కొన్నింటిపై సున్నము పూసిరి. చందుపట్లలోని రాయి యట్లే పోయియున్నచో, ముప్పదియేండ్లు తెలుగునేల నేలిన తల్లి ఏనాటికి ఈ లోకమును విడిచెనో మనకు తెలియకయే యుండెడిది.