కణములోని శక్తిని కనుగొన్న యల్లాప్రగడ

పరీక్షలో తప్పిన విద్యార్థి జీవితములోనూ తప్పినట్లేనని తలచే పెద్దలు మన ఊళ్లలో నేటికీ ఉన్నారు. అట్టివారు యల్లాప్రగడ సుబ్బారావు చరిత్రను ఒకసారి తెలిసికొనవలెను.

1895 జనవరి 12న భీమవరములో ఒక పేద కుటుంబమున సుబ్బారావు జన్మించినారు. విద్యార్థి దశలోనే తండ్రి గతించినారు. మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులైనారు. అక్కడి వైద్య కళాశాలలో చదువుచు గాంధీజీ బోధలకు ఆకర్షితులై ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైనారు. తుదకు ఎం.బి.బి.ఎస్.కు బదులు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చినది.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలినది. తిన్న అన్నము ఒంటబట్టనీయక, రక్తమును హరించి మనిషిని కృశింపజేయు స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ వ్యాధికి నాటి వైద్యములో సరియైన మందు లేదు. మందును కనుగొనవలెనన్న తపన ఆనాడే ఆయనలో నాటుకొన్నది.

1920 దశాబ్ది తొలినాళ్లలో భార్య శేషగిరిని స్వదేశములో విడిచి బోస్టన్ చేరినారు. ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్టపోసికొనుచు హార్వర్డ్‌లో చదివినారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని రూపొందించినారు. ఆ కొలతయే వారికి కండరపు రహస్యమును తెరచినది. కండరము పనిచేయునప్పుడు విచ్ఛిన్నమై, విశ్రాంతిలో మరల కూడుకొను ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ప్రకటించినారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసినారు, ఆ యేడే జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొన్నారు. చెరకు నరికే చేతికైనను, పలకపై అక్షరము దిద్దే చేతికైనను కదలికనిచ్చునది ఈ పదార్థమే.

అయినను హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకులైనారు. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూ రోగులు ఆ మందుతో కోలుకొన్నారు. సోదరులు మరణించిన పాతికేండ్ల తరువాత వారి వ్యాధికి మందు దొరికినది!

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్‌ను ఆయన బృందము తయారుచేయగా, సిడ్నీ ఫార్బర్ దానితో రక్తపు కేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించినారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పలు సూక్ష్మజీవులను అణచు ఆరియోమైసిన్ ఆయన నాయకత్వములోనే వెలువడినవి.

సుబ్బారావు స్వదేశమునకు మరలి రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టి, పసితనముననే మరణించిన కుమారుని ముఖమైనను ఎరుగరు. భార్యను మరల చూడకయే 1948 ఆగస్టులో, ఏబది మూడవ యేట కన్నుమూసినారు. నోబెల్ బహుమానము ఆయనను వరింపలేదు. ఆయన స్మారకముగా భారత ప్రభుత్వము 1995లో తపాలాబిళ్ల విడుదల చేసినది.

సిరికొండ వంటి పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులకు పంచు ఇనుపధాతువు మాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడ ఉన్నది. ఆ మాత్రపై ఎవరి పేరూ ఉండదు. అది ఎవరి శ్రమ ఫలమో పిల్లలకు చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.