షింకావాలో అద్దె ఇల్లు

నజరేతు పేరు వినగానే నతనయేలు పెదవి విరిచాడు. అలా పేరు చెబితేనే జనం పెదవి విరిచే పేట ఒకటి జపానులోని కోబె ఓడరేవు నగరంలో ఉండేది. దాని పేరు షింకావా. పని దొరకని కూలీలు, జూదగాళ్లు, తాగుబోతులు, జైలు నుంచి వచ్చినవాళ్లు, ఒళ్లమ్ముకుని బతికే స్త్రీలు, వాళ్ల మధ్య దిక్కులేని పిల్లలు. 1909 డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందురోజు, 21 ఏళ్ల వేదాంత విద్యార్థి ఒకడు తన కొద్దిపాటి సామాను తోపుడుబండి మీద వేసుకుని ఆ పేటలో అద్దెకు దిగాడు. అతడే టొయోహికో కగావా. అంతకుముందు ఆ ఇంట్లో హత్య జరిగింది. దయ్యం తిరుగుతోందని ఎవరూ చేరలేదు కనుక అద్దె తక్కువకే దొరికింది!

కగావా 1888లో ఆ కోబెలోనే పుట్టాడు. తండ్రి పేరున్న వ్యాపారి. తల్లి ఆయన పెళ్లాడిన భార్య కాదు. పిల్లవాడికి నాలుగేళ్లు వచ్చేసరికి ఇద్దరూ చనిపోయారు. పల్లెలో తండ్రి భార్య దగ్గర, నానమ్మ దగ్గర ఆదరణ లేకుండా పెరిగాడు. తొకుషిమాలో చదువుకునేటప్పుడు ఇంగ్లిషు నేర్చుకోవాలని అమెరికా మిషనరీలు లోగన్, మైయర్స్‌ల దగ్గరికి వెళ్లి క్రీస్తును తెలుసుకున్నాడు. 1904లో బాప్తిస్మం తీసుకున్నాడు. బంధువులు చేయి విడిచారు. ఆపైన క్షయ పట్టుకుంది. ఎంతో కాలం బతకననే అనుకున్నాడు. ఆ మిగిలిన రోజులను షింకావాకు ఇచ్చేద్దామని వచ్చాడు.

మురికివాడకు వెళ్లి సువార్త చెప్పి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేయడం మనకు తెలిసిన పద్ధతే. తప్పు అనడం లేదు. కానీ కగావా రాత్రిళ్లు అక్కడే పడుకున్నాడు. ఉన్న కాస్త చోటులోనే రోగులను, ఇల్లులేనివారిని చేర్చుకున్నాడు. హత్య చేసి శిక్ష అనుభవించిన ఒకడు, చచ్చినవాడు కళ్లముందు కనిపిస్తున్నాడని భయపడి కగావా చేయి పట్టుకుని నిద్రపోయేవాడు. మరొకరి నుంచి ట్రకోమా అనే కంటిజబ్బు అంటుకుని ఆయన చూపు జీవితాంతం పాడైపోయింది. ఒక రౌడీ ముందుపళ్లు రాలగొట్టాడు.

అన్నిటికన్నా ఆయన గుండె కోసింది పసిపిల్లల సంగతి. అవాంఛిత శిశువులను పెంచుతామని కొంత డబ్బు పుచ్చుకుని, పాలు లేకుండా ఎండగట్టి చంపేవాళ్లు అక్కడ ఉండేవారు. చావుకు దగ్గరైన అలాంటి ఒక పసికందును కగావా తెచ్చుకుని, పెళ్లికాని కుర్రవాడు, రాత్రంతా లేచి పాలు పట్టాడు. 1913లో హారు అనే కార్మికురాలిని పెళ్లాడాడు. ఆమె కూడా ఆ పేటలోనే కాపురం పెట్టింది. ఆమె గురించి మనవాళ్లు తక్కువ చెబుతారు, ఆ మురుగులో సంసారం ఈదింది మాత్రం ఆమే.

1914లో చదువుకు అమెరికాలోని ప్రిన్స్‌టన్ వెళ్లి 1917లో తిరిగి షింకావాకే వచ్చాడు. పిడికెడు బియ్యం పంచితే చాలదని, కూలి సరిగా అందితే తప్ప ఈ పేటలు పోవని అప్పటికి ఆయనకు అర్థమైంది. కార్మిక సంఘాల్లో పనిచేశాడు. 1921లో కోబె ఓడల కర్మాగారాల సమ్మెలో హింస వద్దని చెబుతూ ముందు నిలిచి జైలుకు వెళ్లాడు. 1920లో వచ్చిన ఆయన నవల విపరీతంగా అమ్ముడుపోతే, ఆ డబ్బు సేవకే పెట్టాడు. 1923 భూకంపం తర్వాత బాధితుల కోసం టోక్యో చేరాడు. మురికివాడల్లో ఇళ్లు బాగుచేసే చట్టం జపాను 1927లో చేసింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. పేదల మనస్తత్వం గురించి 1915లో అచ్చయిన తన పుస్తకంలో కగావా, జపానులో తరతరాలుగా అంటరానివారిగా చూడబడిన బురకుమిన్ ప్రజలను పుట్టుకతోనే నేరగాళ్లన్నట్టు రాశాడు. వాళ్ల మధ్య బతికి, వాళ్ల పిల్లలను ఎత్తుకున్న మనిషి కలంలోకి కూడా లోకం వేసిన ముద్ర దిగిపోయింది. ఆయన పోయాక జపాను సంఘాల్లో దీనిపై గట్టి విమర్శే వచ్చింది. అంటరానితనం ఎలా ఉంటుందో తెలిసిన మన సంఘాలకు ఆ పేజీలు ఎంత నొప్పి పెడతాయో వేరే చెప్పాలా? దైవజనుడని ఈ మాట దాచితే, ఆ మాట పడినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

కగావా 1960 ఏప్రిల్ 23న టోక్యోలో కన్నుమూశాడు. కోబెలో 1921లో ఆయన తోడ్పాటుతో మొదలైన వినియోగదారుల సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఆ నగరంలో లక్షల కుటుంబాలు నేటికీ అక్కడ సరుకులు కొనుక్కుంటున్నాయి.