కొమురం భీం: బీడు కాని బీడు

కొమురం భీం పేరు వినగానే తుపాకి పట్టిన వీరుడు మనకు తలపునకు వస్తాడు. ఆ తుపాకి వెనుకనున్న సేద్యపు తెలివిని గురించి మేమిక్కడ ముచ్చటింపదలచాము.

ఆయన 1901లో ఆసిఫాబాదు దాపున సంకేపల్లిలో గోండు కుటుంబంలో జన్మించాడని చెబుతారు. ఆదిలాబాదు గోండులు లోయలలోని నల్లరేగడిలో శీతకాలపు జొన్న, గుట్టలమీది తేలిక నేలలో వానకాలపు చిరుధాన్యాలు పండించేవారు. గుట్ట నేల పలుచన. కొద్ది పంటలకే అలసిపోతుంది. కనుక దానిని కొన్నేండ్లు పడావు విడిచి వేరొక చెక్కకు తరలేవారు. చెట్టుచేమ మొలిచి, ఆకు రాలి, మట్టి తేరుకున్నాక మరల వచ్చేవారు. ఇప్పచెట్టును మాత్రం నరికేవారు కారు. దాని పువ్వు కరవునాటి కూడు.

నిజాం రాజ్యంలో రిజర్వు అడవుల హద్దులు గీసిన ఉద్యోగులకు ఈ లెక్క అందలేదు. విశ్రాంతిలోనున్న పొలం కాగితాలలో అడవి అయింది. తిరిగివచ్చిన సేద్యగాడు దొంగ అయ్యాడు. ఆ ఉర్దూ కాగితాలు చదువగలవారు గూడేలలో అరుదు.

సుర్దాపూరులో పంట తగాదాలో ఒకడు మరణించగా భీం అస్సాం తేయాకు తోటలకు వెళ్లిపోయాడని కథనం. మరలి వచ్చి జోడేఘాట్ పరిసరాలలోని 12 గూడేలను కూడగట్టాడు. జల్, జంగల్, జమీన్ అనే నినాదం ఆయన పేరిట నిలిచింది. మొదటి మాట సంస్కృతం, చివరిది ఫారసీ. ఉర్దూ, తెలుగు కలిసి చదివే మా వంటివారికి ఇది ముచ్చటైన సంగతి.

1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పులలో ఆయన నేలకొరిగాడు. పిమ్మట ఆ ప్రభుత్వమే హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు విచారింప నియమించింది. పడావు భూములు అడవిలో కలిసిన సంగతి ఆయన రచనలలో నమోదైంది. 1943లో మార్లవాయిలో గోండులకు బడి వెలసింది. ఈ విచారణ కాల్పులకు ముందే జరిగి ఉండవలసినదని మా అభిప్రాయం.

భూమి వేడెక్కుటకు గూడేల పొయ్యిలు కారణం కావు. అయినను అడవి పెంచవలసిన భారం మొదట గూడెం పొలంమీదనే పడుచున్నది. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలోనే, 2019లో సార్సాల గ్రామంలో మొక్కలు నాటబోయిన అటవీ సిబ్బందిపై దాడి జరిగింది, అది సమర్థింపరానిది. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో పోడు పట్టాల పంపిణీ మొదలయింది. అటవీహక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి స్వాధీనంలోనున్న భూమినే లెక్కిస్తుంది. ఆనాడు విశ్రాంతిలోనున్న చెక్కను స్వాధీనంలో ఉన్నట్లు చూపుట గూడెం పెద్దలకు చిక్కే.